మొలతాడుకు కట్టుకున్న డ్రైవరు

ఆయన పోయాడన్న వార్త వాట్సాప్‌లో వచ్చింది. ఫొటోకు దండ బొమ్మ, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒక జత చేతులు అతికించాను. ఫోను కింద పెట్టకముందే నాకు వచ్చిన ఆలోచన పోయిన మనిషి గురించి కాదు, ఆయన పెన్ డ్రైవు గురించి. మనిషి మీద గౌరవం లేకపోవడం వల్ల అలా అనిపించిందని మీరు అనుకోవచ్చు. అందువల్లే.

వెంటనే రాజేశ్వరక్క ఫోను చేసింది. ధర్మవరంలో మా వెనక వీధిలో ఆమెకు రేకుల షెడ్డు, అందులో రెండు పట్టు మగ్గాలు ఉన్నాయి. భర్త పోయాక షెడ్డును తనే నడుపుతోంది. ఆమె చీరలకు డిజైన్లు వేసేది నేను. బీటెక్ చదివాను, ప్రస్తుతం చీర కొంగుల మీద నెమళ్ళను కూర్చోబెట్టే పనిలో స్థిరపడ్డాను.

"ఏమప్పా, సారు పోయినాడంట కదా."

"అవునక్కా, ఇప్పుడే చూస్తి."

"అయ్యో పాపం. నిన్ననే కదా ఫోన్లో నవ్వుకుంటా మాట్లాడినాడు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మరి మన నెమలి?"

మన నెమలి ఆ సమయానికి మగ్గం మీద మెడ దాకా వచ్చి ఆగిపోయి ఉంది. అది హిందూపురంలో ఒక వ్యాపారస్తుల ఇంటి పెళ్ళికూతురి ముహూర్తం చీర. ఒళ్ళంతా అయింది, కొంగు మిగిలింది. కొంగులో నెమలికి కాళ్ళు, పింఛం, మెడ వచ్చాయి, తల రాలేదు. నేసిన జరీని విప్పి మళ్ళీ నేయడం కుదరదు. వేరే చీర మొదలుపెట్టడానికి ముహూర్తం ఆగదు. ఆ ఇంటివాళ్ళు ఊరంతటికీ చీరలు తీసేవాళ్ళు. వాళ్ళ ముందు మాట పోతే రాజేశ్వరక్కకు మళ్ళీ పని ఇచ్చేవాళ్ళు ఉండరు. తల లేని నెమలితో ఎవరూ పెళ్ళిపీటల మీద కూర్చోరు కదా.

మగ్గం బాగానే ఉంది. ఆగింది కంప్యూటరు దగ్గర. పూర్వం మగ్గం మీద ఏ దారం లేవాలో చిల్లుల అట్టలు చెప్పేవి. ఇప్పుడు కంప్యూటరు చెబుతుంది. ఆ మాటను మగ్గానికి చేర్చేది కంప్యూటరు లోపల గుచ్చిన ఒక పచ్చ కార్డు, ఆ కార్డుతో మాట్లాడేది డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము. మా షెడ్లలో కంప్యూటర్లన్నీ విండోస్ బదులు లినక్స్ మీద నడుస్తాయి, ఉచితం కాబట్టి. లినక్స్‌కు పెద్దతల కెర్నల్. కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవరును దాని అసలు రాత, అంటే సోర్స్, నుంచి మళ్ళీ కట్టి కొత్త కెర్నల్‌కు అప్పగించాలి. కట్టడాన్ని కంపైల్ చేయడం అంటారు. సోర్స్ చేతిలో ఉంటే అది టీ చల్లారేలోపు అయ్యే పని. లేకపోతే ఎన్ని టీలు తాగినా కాదు.

ఆ సోర్స్ మా జిల్లాలో ఒకే ఒక చోట ఉండేది. ఆయన మొలతాడుకు.

ఇది అతిశయోక్తి అయితే బాగుండేది. మా మగ్గాల కంప్యూటర్లు బాగుచేసే సారు పామిడి నుంచి బస్సులో వచ్చి దిగి, షెడ్డులోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, చొక్కా పైకెత్తి, పొట్ట కింద నుంచి నల్లటి మొలతాడును పైకి లాగేవాడు. దానికి ఒక తాయెత్తు, ఒక పిన్నీసు, ఒక పెన్ డ్రైవు ఉండేవి. పెన్ డ్రైవు మూత ఎప్పుడో పోయింది. దాని మూతిని నాలుకతో ఒకసారి తడిపి, చొక్కా అంచుకు తుడిచి, మొలతాడు నుంచి విప్పకుండానే కంప్యూటరుకు గుచ్చేవాడు. అంటే పని జరుగుతున్నంతసేపు ఆయన నడుమూ ఆ కంప్యూటరూ ఒకే తాడు మీద ఉండేవి. దగ్గినప్పుడు పెన్ డ్రైవు కూడా దగ్గేది. మే నెలలో మా ఊరి ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ మొలతాడు గురించి ఇంకేమీ చెప్పనవసరం లేదు. ఆయన వెళ్ళాక నేను ఆ కంప్యూటరు మూతిని స్పిరిట్‌తో తుడిచేవాణ్ణి. రాజేశ్వరక్క నవ్వేది. "సారు చెమట తగిలితేనే అది పని చేస్తాదేమోప్పా."

గుచ్చిన తర్వాత రెండో ఘట్టం. తెరను గోడవైపు తిప్పుకుని అందరినీ బయటికి పంపేవాడు.

"బయటికి పోండప్పా. ఊపిరి తగిలితే ఎర్రర్ వస్తాది."

నేతపని చేసే నారాయణప్ప, నా కంటే రెండింతల వయసున్న మనిషి, నిజంగానే ఊపిరి బిగబట్టుకుని బయటికి నడిచేవాడు. మేమంతా వేపచెట్టు కింద నిలబడేవాళ్ళం. లోపల ఆయన గుట్కా ప్యాకెట్టు చింపిన చప్పుడు, కీబోర్డు చప్పుడు, తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ నిశ్శబ్దంలో ఆయన మడమ పగుళ్ళ మీద పొరలు గిల్లుకునేవాడని నాకు తెలుసు. లేచి వెళ్ళాక కుర్చీ కింద సాక్ష్యం ఉండేది. పట్టు కండెలు ఉన్న గదిలో. వేలికి తడి ఉన్నా దారం ముట్టుకోనివ్వని గదిలో.

భోజనం దాకా ఆ పని సాగేది. ఉద్దిబేడల పప్పు, రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి, ఉడకబెట్టిన కోడిగుడ్డు. తిన్న చేతిని కడుక్కునేవాడు కానీ ఎక్కువ సబ్బుతో కాదు. మళ్ళీ లోపలికి. తర్వాత బయటికి వచ్చి ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు.

"పని చెయ్యకపోతే టీ తాగు. మళ్ళా చెయ్యి. అప్పుడూ చెయ్యకపోతే తప్పు డ్రైవర్‌ది కాదు, నీది."

ఈ మాట మా ప్రాంతంలో ఎంత పేరు పొందిందంటే, దారం తెగితే నారాయణప్ప కూడా ఇదే అనేవాడు. ముదిగుబ్బలో రమణప్ప అని శెనక్కాయల మిల్లు ఉన్నాయన ఉన్నాడు. గింజల్లో నల్లవాటిని ఏరే యంత్రం ఉంది ఆయన దగ్గర; దానికీ ఇదే పచ్చ కార్డు, ఇదే డ్రైవరు. ఆయనైతే ఈ మాటను మిల్లు గోడ మీద నీలం రంగుతో రాయించి, కింద సారు పేరు వేయించాడు. సారు అది చూసి, పేరు అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని అన్నాడట.

మూడో ఘట్టం చెరపడం. పని అయ్యాక ఆయన అందరినీ లోపలికి పిలిచేవాడు. ఇది మాత్రం అందరి కళ్ళ ముందు జరగాలి. కంప్యూటరులోకి ఎక్కించిన సోర్స్ ఫోల్డరును తెర మీద చూపించి, కర్పూరం హారతి ఇచ్చేవాడిలా చేయి ఒకసారి తిప్పి, ఎంటర్ నొక్కేవాడు. ఫోల్డరు మాయమయ్యేది. కట్టిన డ్రైవరు మాత్రం మిగిలేది. అది ఈ కెర్నల్‌కే పనికొస్తుంది. కెర్నల్ మారితే మళ్ళీ బస్సు, మళ్ళీ మొలతాడు, మళ్ళీ కోడిగుడ్డు.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను. డ్రైవరు లోపల దాని లైసెన్సు ఏమిటో రాయాలి. ఒక ఆదేశం ఇస్తే కంప్యూటరు దాన్ని చదివి చెబుతుంది. ఆయన దానిలో జీపీఎల్ అని రాసుకున్నాడు. అంటే ఇది అందరిదీ, కట్టిన డ్రైవరు ఎవరికిస్తే వాళ్ళు అడిగినప్పుడు సోర్స్ కూడా ఇవ్వాలి అని ఒప్పుకున్నట్టు. అలా ఒప్పుకోని డ్రైవర్లకు కెర్నల్ లోపలి తలుపులు కొన్ని తెరవదు.

"సార్, లోపల జీపీఎల్ అని మీరే రాసినారు. మరి సోర్స్ మాకు ఇయ్యల్ల కదా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. నోట్లో గుట్కాను ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చాడు.

"ఏమప్పా బీటెక్కూ, అది కెర్నల్‌కు చెప్పిన మాట. నీకు చెప్పిన మాట కాదు."

"ఎవరికి చెప్పినా మాట మాటే కదా సార్?"

"తలుపు తీసేటోనికి ఏం కావల్లో అది చెప్తాం. ఇంట్లోకి పోయినాక మన ఇష్టం. నీకు పెండ్లయిందా?"

"లేదు సార్."

"అందుకే."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన లేచి కిటికీ లోంచి ఉమ్మాడు. కిటికీ కింద రాజేశ్వరక్క రంగు వేసి ఆరబెట్టిన పట్టు దారం కట్టలు ఉన్నాయి. తగల్లేదు. తగలలేదన్నది ఆయన గొప్పతనంగా నారాయణప్ప తర్వాత చాలామందికి చెప్పాడు.

ఇంకొకసారి, ఆయన తెరను గోడకు తిప్పుకున్నప్పుడు నేను నీళ్ళ చెంబుతో లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. గోడకు లక్ష్మీదేవి పటం ఉంది. పటం అద్దంలో తెర కనిపించింది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి, అయినా చదవగలిగాను. తెర మీద జోరుగా పారుతున్నది కంపైలేషన్ కాదు. ఆ కంప్యూటరులో ఉన్న ఫైళ్ళ పేర్లన్నీ ఒకటి తర్వాత ఒకటి. ఎవరైనా పొరపాటున చూస్తే పెద్ద పని జరుగుతున్నట్టు ఉండాలని. అసలు పని ఎప్పుడో అయిపోయింది. సారు కాలి మీద కాలు వేసుకుని పిన్నీసుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఆ పిన్నీసు మొలతాడుదే.

నేను వెళ్ళి రాజేశ్వరక్కకు చెప్పాను.

"లోపల ఏం పని జరగడంల్యాదక్కా. ఊరికే కూర్చోనుండాడు."

"కూర్చోనీలేప్పా. కూర్చుంటే మగ్గం నడుస్తాంది కదా. నువ్వు నిలబడినా నడవదు."

ఇంకా ఆమె ఒక మాట అంది, అది కూడా రాయాలి. "మా ఆయన పోయిన వారంలోనే మగ్గం నిలబడె. మా బంధువులు ఫోన్ ఎత్తలా. ఈయప్ప ఎత్తినాడు. నడిమధ్యాహ్నం ఎండలో వచ్చినాడు. ఆ పొద్దు ఒగ మాట కూడా ఎక్కువ మాట్లాడలా." నిజం. పిలిస్తే ఆయన రానిరోజు లేదు. పిలవక తప్పని స్థితిలో మమ్మల్ని ఉంచింది కూడా ఆయనే కాబట్టి ఈ సుగుణాన్ని ఎంత మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆయన మాకు పెట్టిన ఆన ఒకటే. కెర్నల్ మారకూడదు. తెర మూలన అప్‌డేటు కావాలా అని అడిగితే వద్దని నొక్కాలి. రాజేశ్వరక్క నిష్ఠగా వద్దని నొక్కుతూ వచ్చింది, ఆయుధపూజ దాకా.

ఆయుధపూజ రోజు మధ్యాహ్నం నేను షెడ్డుకు వెళ్ళేసరికి మగ్గాలకు పసుపు, కుంకుమ, బంతిపూలు. గుమ్మం ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. కంప్యూటరుకు నుదుట బొట్టు. తెర మీద, బొట్టు కింద, డ్రైవరు దొరకలేదన్న మాట.

"అక్కా, ఏం నొక్కితివి?"

"యాడాది నుంచి మూలన నిలబడి అడుగుతానే ఉండాది కదప్పా. సారు వద్దంటాండె. ఈ పొద్దు మగ్గానికి బొట్టు పెడితి, కత్తెరకు పెడితి, దానికీ పెడితి. పెట్టంగానే అడిగినాది. పూజ పూట నోరు తెరిచి అడిగితే లేదని ఎట్ల అనేది?"

ఇంత ధర్మంగా చెడిపోయిన కంప్యూటరును నేను అంతకు ముందు చూడలేదు. మామూలుగా కొత్త కెర్నల్ వచ్చినా పాతది పక్కన ఉంటుంది. దానిలోకి వెళ్తే పని నడుస్తుంది. ఆ ఆశతో అడిగాను.

"ఇంగేమన్నా అడిగినాదా?"

"అడిగినాది. పాత సామాన్లు తీసేద్దునా అని. పండగకు ఎవురైనా పాత సామాన్లు పెట్టుకుంటారా? తీసేయమంటి."

అలా పాత కెర్నల్ పండగ శుభ్రంలో పోయింది. రాజేశ్వరక్క సారుకు ఫోను చేసింది. ఆయన పడీపడీ నవ్వి, "ఎల్లుండి వస్తా. అంతవరకూ టీ తాగండి" అన్నాడు. మరుసటి రోజు ఉదయం పాలప్యాకెట్టు తేవడానికి వెళ్ళి, అంగడి ముందే కూలబడి పోయాడు.

వార్త వచ్చిన మరునాడు పామిడికి వెళ్ళాను. వెళ్ళింది పరామర్శకని చెప్పుకున్నాను. బస్సులో కూర్చుని, ఏడుస్తున్న ఇంటి నుంచి పెన్ డ్రైవును మర్యాదగా ఎలా అడగాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ కుదరలేదు.

ఇంటి ముందు షామియానా. దహనం ముందురోజు సాయంత్రమే అయిపోయింది. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో ముదిగుబ్బ రమణప్ప కనబడ్డాడు. నన్ను చూడగానే పక్క కుర్చీ చూపించాడు.

"నీదీ నిలబడిందా అన్నా?" అన్నాడు చెవిలో.

"నిలబడింది. నీది?"

"నడుస్తాండాది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడంతా నా గుండె నిలబడుతాంది. నువ్వు చదువుకున్నోనివి, నువ్వే అడుగు."

"ఇది మాకు చెప్పలేదన్నా కాలేజీలో."

చివరికి ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళాం. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చాలా సన్నటి మనిషి. నేను గొంతు సవరించుకుని, సారు మాకెంతో చేశాడని, ఆయన దగ్గర ఒక చిన్న వస్తువు ఉండేదని మొదలుపెట్టాను.

"మొలతాడు సంగతేనా?" అంది.

మేము నేల చూశాం.

"తెల్లారినప్పటి నుంచి వచ్చినోళ్ళంతా అదే అడుగుతాండారు. ఎట్ల పోయినాడమ్మా అని ఒగరన్నా అడిగినారా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయంగా ఉండేది. "నన్ను గూడా ముట్టుకోనిచ్చేటోడు కాదు ఆ సామాను. ఉతకల్ల, ఇయ్యి అంటే చెయ్యి మీద కొడతాండె. ఏటి ఒడ్డున మొలతాడు తెంపి ఆడనే పారేసినారు. పోయి ఎతుక్కోపోండి."

మర్యాద తెలిసినవాళ్ళయితే అక్కడి నుంచి బస్టాండుకు వెళ్ళేవాళ్ళు. మేము పెన్న ఒడ్డుకు వెళ్ళాం.

పెన్నలో నీళ్ళు ఒక పక్కగా, మొహమాటంగా పారుతున్నాయి. మిగతా అంతా ఇసుక. కాలిన చోటు నల్లగా ఉంది. దాని చుట్టూ ఇద్దరం తలలు వంచుకుని, కాలి వేళ్ళతో ఇసుక కదుపుతూ తిరిగాం. పాతగుడ్డ కనబడితే రమణప్ప పుల్లతో ఎత్తి చూశాడు. ఒక మనిషి నడుము నుంచి తెంపిన తాడు కోసం ఆయన బూడిద పక్కన వెతుకుతున్నాను. నా మీద నాకు కలిగిన ఏవగింపు నిజమైనదే; కానీ అది నా చూపును ఇసుక మీద నుంచి మళ్ళించలేదు.

గొర్రెలు తోలుకుని పోతున్న ముసలాయన ఆగాడు.

"ఏమప్పా, ఉంగరం పోయిందా?"

"పెన్ డ్రైవు తాతా," అన్నాను.

"అదేంది?"

రమణప్ప నడుం పట్టుకుని నిలబడి చెప్పాడు. "సారు ప్రాణం దాంట్లో ఉండాది."

"ప్రాణం నిన్ననే పోయింది కదప్పా. ఈడ ఇసుక పొద్దున్నే ట్రాక్టరోళ్ళు ఎత్తుకపోయినారు. ఆ గాడి చూడు." కాలిన చోటును ఆనుకుని ట్రాక్టరు చక్రాల గుర్తులు, గుంత. "ప్రాణం కావల్లంటే ఏదన్నా ఇల్లు కట్టే కాడ చూసుకోండి."

అనంతపురం వైపు ఎక్కడో ఒక ఇంటి స్లాబులో ఇప్పుడు ఆ సోర్స్ ఉంది. ఇల్లు గట్టిగా ఉండాలని కోరుకుంటున్నాను.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి రాజేశ్వరక్క మగ్గం మీద దుమ్ము పడకుండా తెల్లగుడ్డ కప్పి ఉంచింది. శవానికి కప్పినట్టు ఉంది కానీ ఆ మాట అనలేదు. హిందూపురం నుంచి రెండుసార్లు ఫోను వచ్చిందట. నెమలి తయారవుతోందని చెప్పిందట.

"దొరికినాదా?"

"లేదక్కా."

ఆమె గుడ్డ అంచు సర్దింది. ఆ సర్దడం చూశాక ఊరికే నిలబడలేక కంప్యూటరు ముందు కూర్చున్నాను. దాన్ని లోగడ ఎందుకు తవ్విచూడలేదని అడగవచ్చు. నడుస్తున్న మగ్గంలో వేలు పెట్టడం మా ఊళ్ళో ఎవరికీ నేర్పరు. అదీగాక ఆయన పచ్చ కార్డు మీద కంపెనీ పేరును బ్లేడుతో గీకేసి ఉంచాడు. కంప్యూటరును అడిగితే కార్డులోని చిప్పు పేరు చెబుతుంది. ఆ చిప్పు ఎన్ని రకాల కార్డుల్లో ఉంటుందో దాన్ని చేసినవాడికి కూడా తెలియదు.

ఇప్పుడు నడిచేది ఏమీ లేదు కాబట్టి పాత కెర్నల్ ఉండిన చోటికి వెళ్ళి చూశాను. పండగ శుభ్రం బ్రహ్మాండంగా జరిగింది, అంతా ఖాళీ. ఒక్క ఫైలు తప్ప. శుభ్రం చేసే ప్రోగ్రాము తను పెట్టిన సామాన్లను మాత్రమే తీస్తుంది. ఇది ఆయన చేత్తో తెచ్చి పెట్టినది, దాని లెక్కలో లేదు. ఖాళీ చేసిన ఇంట్లో బాడుగ కట్టని మనిషిలా ఆ పాత డ్రైవరు ఒక్కటే కూర్చుని ఉంది. కొత్త కెర్నల్‌కు అది పనికిరాదు. కానీ దాని కడుపులో మనిషి చదవగలిగే అక్షరాలు ఏమున్నాయో బయటికి తీయవచ్చు. తీశాను.

ఆయన పేరు చాలా చోట్ల ఉంది. అది ఊహించిందే. దాని కింద ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది. కార్డు దొరకనప్పుడు డ్రైవరు తెర మీద వేయాల్సిన మాట. పని చేయకపోతే టీ తాగు, మళ్ళీ ప్రయత్నించు, అప్పటికీ చేయకపోతే తప్పు డ్రైవరుది కాదు.

రమణప్ప మిల్లు గోడ మీద నీలం రంగు గుర్తొచ్చింది. సారుకు ఇంగ్లీషులో జోకు వేసేంత వచ్చని నాకు తెలియదు. అనుమానం వచ్చి, ఫోనులో నెట్ కలిపి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు వెతికాను.

ఒకే ఒక పేజీ దొరికింది. ఎక్కడో మంచు పడే దేశంలో ఒక పెద్దాయన ఎన్నో ఏళ్ళ కిందట పెట్టుకున్న పేజీ. ఆ కార్డు ఫొటో ఉంది, గీకని పేరుతో. కంపెనీ మూతపడిందని, పాపం ఎవరికైనా అవసరం పడుతుందని తనే డ్రైవరు రాసిపెట్టానని, ఎవరైనా తీసుకోవచ్చని, ఎవరికైనా ఇవ్వవచ్చని, దాచుకోవద్దని మాత్రం కోరుతున్నానని రాశాడు. కింద సోర్స్ మొత్తం. దింపుకోవడానికి పేరు కూడా అడగలేదు.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. తెర మీద వేసే మాటలన్నీ, వరసతో సహా, ఆ పెద్దాయనవే. రచయిత ఎవరన్న చోట ఆయన పేరు తీసేసి సారు పేరు. నాకు కనబడిన మార్పు అదొక్కటే. మిగతా అంతా, టీ దాకా, అరువు.

కోపం రాలేదు. కోపం రావాలంటే అవతలివాడు కాస్త పెద్దమనిషి అయి ఉండాలి. వచ్చింది వేరే. ఆ పెన్ డ్రైవు మూతిని సారు తడిపినట్టు నేను తడిపి ఉంటే నా నాలుక మీద ఏముండేదో, అది.

"అక్కా, అందరినీ పిలువు. తెర మీకే తిప్పుతా, చూడండి."

నారాయణప్ప వచ్చి దూరంగా నిలబడ్డాడు, అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి. సోర్స్ దింపి కంపైల్ చేస్తే ఎర్రర్ వచ్చింది. కొత్త కెర్నల్ ఒక చోట ఒప్పుకోలేదు. చదివితే తెలిసింది: లోపలికి వచ్చే డ్రైవరు అక్కడ పాతకాలంలో "ఇది నేనే" అని తనను తాను చెప్పుకోవాలి. కొత్త కెర్నల్‌కు ఆ మాట అక్కర్లేదు. ఎవరు వచ్చారో దానికి తెలుసు. ఆ ఒక్క మాట తీసేశాను. మళ్ళీ కంపైల్ చేస్తే తెర మీద నాలుగు ముక్కలు పడి ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు నారాయణప్ప.

"అయిపోయింది."

"ఇంతేనా? సారు అయితే అన్నం వేళ దాకా చేస్తాండె." ఆయన గొంతులో నా మీద అసంతృప్తి స్పష్టంగా ఉంది.

డ్రైవరును ఎక్కించాను. తెర మీద ఆ ఇంగ్లీషు వాక్యం పడింది. కార్డు దొరకలేదని. రాజేశ్వరక్క అక్షరాలు కూడబలుక్కుని చదివింది. టీ దగ్గర ఆగింది.

"టీ అని ఉండాది. సారు మాటనా?"

"అదే మాటక్కా."

"చూడప్పా, పోయినా మన మగ్గాన్ని ఇడిసిపెట్టలా." కళ్ళు తుడుచుకుంది.

కంప్యూటరు డబ్బా తెరిచాను. పూజ రోజు తుడిచే ఉత్సాహంలో కార్డును ఎవరో కదిపారు. దాని పక్కనే పసుపు. ఊదేసి, గట్టిగా నొక్కి, మళ్ళీ ఎక్కించాను. ఈసారి పైన దారాలు ఎత్తే జాకార్డు కొక్కేలు ఒక్కసారిగా టకటకమని లేచి దిగాయి. నారాయణప్ప పరుగున వెళ్ళి గుడ్డ తీసి పీట మీద కూర్చున్నాడు. ఆగిన పోగు దగ్గరే మొదలైంది. మెడ మీద ఒక జరీ గీత, దాని మీద ఇంకొకటి. రాజేశ్వరక్క అక్కడి నుంచి కదలలేదు. ముక్కు వచ్చి, కన్ను వచ్చి, కిరీటం వచ్చేదాకా నిలబడే ఉంది. హిందూపురం ఫోను మళ్ళీ మోగితే ఈసారి నిజం చెప్పింది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. "నువ్వు గూడా ఇప్పుడు ఆ ఫోల్డరు చెరుపుతావా?"

"లేదక్కా. ఇది ఈడనే ఉంటాది. ఎవరన్నా అడిగితే ఇయ్యి. రమణప్పకు పంపిస్తాండా." కొంచెం ఆగి, చెప్పకుండా ఉండడం నా వల్ల కాదని తేలాక చెప్పాను. "ఇది సారు రాసింది కాదక్కా. ఎవరో ముసలాయన అందరికీ ఊరికే ఇచ్చినది. ఈయన పేరు మార్చుకున్నాడు, అంతే. ఆ టీ మాట కూడా ఆయనదే, సారుది కాదు."

ఆమె తెర వైపు చూసింది. కిటికీ వైపు చూసింది, ఆయన ఉమ్మే కిటికీ. కంప్యూటరు నుదుట బొట్టు ఎండి పొరలు లేస్తోంది. గోటితో దాన్ని సాపు చేసింది.

"ఊరికే ఇచ్చినదా?"

"ఊరికే."

"మా ఆయన పోయిన వారం గూడా ఇది ఊరికే దొరుకుతాండెనా?"

నేను తలూపాను.

తర్వాత ఆమె స్టౌ దగ్గరికి వెళ్ళింది. ఎవరు వచ్చినా ఆమె చేసే మొదటి పని అదే. గిన్నె తీసింది, పాలప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది, అలా పట్టుకుని నిలబడిపోయింది.

"టీ..." అంది నా వైపు తిరిగి. మాట పూర్తి చేయలేదు.

"నీళ్ళు చాలక్కా," అన్నాను.

ఆమె పాలప్యాకెట్టును పక్కన పెట్టి, చెంబు నిండా నీళ్ళు ముంచి ఇచ్చింది.